తుప్పు సబ్జెక్టే తీసుకోండి

మూడు-రెండు, అంటే మూడో ఏడాది రెండో సెమిస్టర్, మొదలయ్యే ముందు వారం మా డిపార్ట్‌మెంట్ వరండాలో ఒకటే సందడి. సీఆర్ చేతిలో ఎలక్టివ్ ఫారం, దాని చుట్టూ పదిహేను తలకాయలు. "ఏది స్కోరింగ్‌రా?", "ఇంటర్నల్స్ ఎవరు బాగా వేస్తారు?", "పాత ప్రశ్నలే తిరిగొస్తాయా?" ఈ మూడు తప్ప నాలుగో ప్రశ్న వినపడదు. ఇరవై రెండేళ్లుగా విశాఖలో ఇంజనీరింగ్ పిల్లలకు పాఠం చెబుతున్నాను. ఆ వరండాలో నేనిచ్చే సలహాలు విని తోటివాళ్లు "మేడమ్, పిల్లల్ని చెడగొడుతున్నారు" అంటారు. కొందరు తండ్రులు ఫోన్ చేసి మరీ నిలదీశారు. తలతిక్క సలహాలని పేరుపడితే పడనీ, వాటినే ఇక్కడ రాస్తున్నాను. ప్రతి మాటా నమ్మి రాస్తున్నాను.

మార్కులు తగ్గుతాయని భయం వేసే సబ్జెక్టే తీసుకోండి. ఇది మొదటి సలహా, అసలు సలహా కూడా ఇదే.

మొన్న ఒకమ్మాయి వచ్చింది. గాజువాక పిల్ల, సీజీపీఏ 8.12. కరోజన్ ఇంజనీరింగ్, అంటే తుప్పు గురించిన సబ్జెక్టు, చదవాలని ఉంది, కానీ డిజాస్టర్ మేనేజ్‌మెంట్ తీసుకుంటే ఏ ప్లస్ ఖాయమని సీనియర్లు చెప్పారట. రెండు రాత్రులు నిద్ర లేదంది. ఫారం వెనక్కి తిప్పి లెక్క వెయ్యమన్నాను. 2018లో ఏఐసీటీఈ ఇచ్చిన నమూనా పాఠ్యప్రణాళికలో బీటెక్ అంటే మొత్తం 160 క్రెడిట్లు. మన విశ్వవిద్యాలయాలు కొంచెం అటూ ఇటూ సర్దుకున్నా చట్రం మాత్రం అదే. సాధారణంగా ఒక ఎలక్టివ్‌కు 3 క్రెడిట్లు. యూజీసీ పది పాయింట్ల కొలతలో ఏ ప్లస్ అంటే 9, బీ అంటే 6. ప్రతి సబ్జెక్టు పాయింట్లనూ దాని క్రెడిట్లతో హెచ్చవేసి, అన్నీ కూడి, మొత్తం క్రెడిట్లతో భాగిస్తే వచ్చేదే సీజీపీఏ. కరోజన్‌లో ఏ ప్లస్ పోయి బీ వచ్చిందనుకుందాం. మూడు పాయింట్లు పోయాయి. మూడు మూళ్లు తొమ్మిది. తొమ్మిదిని 160తో భాగిస్తే 0.056. అంటే డిగ్రీ పూర్తయ్యేసరికి 8.12 రావలసిన చోట 8.06 వస్తుంది.

ఆ పిల్ల పెన్ను పట్టుకుని అలాగే ఉండిపోయింది. "ఇంతేనా మేడమ్?" అంది.

ఇంతేనమ్మా. దశాంశ బిందువు తర్వాత రెండో అంకె కోసం రెండు రాత్రుల నిద్ర పాడుచేసుకున్నావు.

అదే నమూనాలో ప్రొఫెషనల్ ఎలక్టివ్‌లకు 18, ఓపెన్ ఎలక్టివ్‌లకు 18 క్రెడిట్లు ఉంటాయి. కోర్ సబ్జెక్టులకు 48. ప్రాజెక్టు, సెమినార్, ఇంటర్న్‌షిప్ కలిపి 15. ఆ పదిహేనులో ఒక్క గ్రేడు పెరిగితే 0.09 వస్తుంది, ఎలక్టివ్‌లో పోయిందంతా తీర్చి ఇంకా మిగులుతుంది. డిగ్రీలో వచ్చే క్లాసు మారాలంటే కష్టపడవలసిన చోటు అది. మొదటి ఏడాది మ్యాథ్స్ గురించీ అదే మాట. డిస్టింక్షన్ చేజారిన పిల్లల మార్కుల జాబితాలు ఎన్నో చూశాను. వాళ్లు పోగొట్టుకున్నది ఎక్కువగా ఒకటి-ఒకటిలో, ఒకటి-రెండులో. అప్పట్లో ఎవరూ వాళ్లను వరండాలో నిలబెట్టి లెక్క చెప్పలేదు.

ఒకచోట మాత్రం జాగ్రత్త. కాకినాడ జేఎన్‌టీయూ నియమాల్లో సప్లిమెంటరీ రాయకుండా అన్నీ మొదటిసారే పాసైనవాళ్లకే డిస్టింక్షన్. గ్రేడు తగ్గడం వేరు, తప్పడం వేరు. కష్టమైన సబ్జెక్టు తీసుకున్నవాళ్లు మొదటి మిడ్ నుంచే చదవాలి, పరీక్ష ముందు రోజు జెరాక్స్ షాపు ముందు నిలబడితే కుదరదు. డిస్టింక్షన్ గీత మీద వెంట్రుకవాసిలో ఉన్నవాళ్లు తమ బ్యాచ్ రెగ్యులేషన్ పుస్తకం తెరిచి, ఏ క్లాసుకు ఎంత కావాలో చూసి, ఈ లెక్క తమ అంకెలతో వేసుకోవాలి. వాట్సాప్‌లో వచ్చిన పట్టికను నమ్మవద్దు. ఆర్20 వాళ్లకు చెప్పినది ఆర్23 వాళ్లకు వర్తించకపోవచ్చు.

రెండో సలహా: సీనియర్లను అడగవద్దు. వాళ్లు చెడ్డవాళ్లని కాదు. వాళ్లకు తెలిసింది పేపరు ఎలా వచ్చిందో, మార్కులు ఎవరు ఎలా వేశారో మాత్రమే. ఆ సబ్జెక్టులో ఏముందని అడిగి చూడండి, "యూనిట్ త్రీ ఇంపార్టెంట్" అంటారు. దానికి బదులు లైబ్రరీలో ఆ సబ్జెక్టు పుస్తకం తీసి చివరి అధ్యాయం చదవండి. మొదటి అధ్యాయాలన్నీ నిర్వచనాలు, అవి ఏ సబ్జెక్టులోనైనా నిద్ర తెప్పిస్తాయి. ఆ శాస్త్రం ఏ సమస్య దగ్గర ఆగి పెనుగులాడుతోందో చివరికి గానీ తెలియదు. అర్థం కాకపోయినా ఇంకో పేజీ తిప్పాలనిపించిందా, ఆ పేరే ఫారంలో రాయండి.

స్నేహితులతో కలిసి తీసుకోవద్దని కూడా చెబుతాను. ఇది చెప్పినప్పుడే పిల్లల మొహాలు ఎక్కువ ముడుచుకుంటాయి. దీని వెనక నా కథ ఉంది. నేను చదువుకున్న రోజుల్లో మా కాలేజీలో కరోజన్ ఎలక్టివ్ పెడతామన్నారు. కనీసం ఇంతమంది ఉంటేనే క్లాసు నడుస్తుందన్నారు. ఆరుగురు పేర్లిచ్చారు, ఒక్కరు తక్కువయ్యారు. నాకు ఇష్టమే, కానీ మా నలుగురు స్నేహితురాళ్లం ఒకే బెంచీలో కూర్చోవాలని మార్కులు తేలికగా వచ్చే మరొకటి రాశాం. ఆ క్లాసు రద్దయింది. నాకు ఆ మరొక సబ్జెక్టులో మంచి మార్కులే వచ్చాయి. ఇవాళ దాని అధ్యాయాల పేర్లు ఒక్కటీ చెప్పలేను. ఆ ఆరుగురిలో ఒకాయన ఫారం ఇచ్చిన రోజు నాతో "మీరు రాస్తారనుకున్నానండీ" అన్న మాట మాత్రం ఇప్పటికీ చెవిలోనే ఉంది. తర్వాత ఉద్యోగం చేస్తూ, పిల్లల్ని పెంచుకుంటూ, రాత్రిళ్లు కూర్చుని ఆ సబ్జెక్టు నాకు నేనే నేర్చుకున్నాను.

ఇక నాలుగోది. సబ్జెక్టు ఎంచుకునే ముందు బస్సెక్కి ఊరు చూడండి.

విశాఖలో ఉండి తుప్పు గురించి చదవకపోవడం గోదావరి ఒడ్డున పుట్టి ఈత రాకపోవడం లాంటిది. పెదవాల్తేరులో మా ఇంటి బాల్కనీ గ్రిల్లు చూడండి. పైన రంగు బాగానే ఉంటుంది, అక్కడక్కడ చిన్న పొక్కులు. ఒక పొక్కును బొటనవేలితో నొక్కితే అప్పడంలా విరిగి, లోపల గోధుమరంగు పొరలు పొరలుగా రాలతాయి. ఇనుము తుప్పయితే ముందున్న దానికంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది, అందుకే రంగు పైకి లేస్తుంది. గాలిలోని ఉప్పు ఆ పని ఆగనివ్వదు. ఆ గ్రిల్లుకు ఒకచోట స్టెయిన్‌లెస్ స్క్రూ బిగించారు. స్క్రూ కొత్తదానిలా మెరుస్తోంది, దాని చుట్టూ ఉన్న మామూలు ఇనుము మాత్రం గుంటపడి అరిగిపోయింది. రెండు లోహాలు తడిలో తగులుకుంటే బలహీనమైనది కరుగుతుంది. దీన్నే పుస్తకంలో గాల్వానిక్ కరోజన్ అంటారు. పుస్తకం ఆ గ్రిల్లులోనే ఉంది.

ఫిషింగ్ హార్బర్‌కు వెళ్లి, రిపేరుకు ఒడ్డుకు ఎక్కించిన ఇనుప పడవ అడుగుభాగం చూడండి. చుక్కాని దగ్గర బూడిదరంగు దిమ్మలు బిగించి ఉంటాయి, చిలక్కొట్టిన జామకాయల్లా గుంటలు పడి. అవి జింకు దిమ్మలు. సముద్రం ఇనుమును తినకుండా ముందు తమను తినమని అక్కడ ఉంటాయి. తండ్రి ట్రాలర్ మీద పనిచేసే కుర్రాడు ఒకడు నా క్లాసులో ఉండేవాడు. ఈ పాఠం చెప్పిన రోజు చెయ్యెత్తి, "అరిగిపోయినప్పుడల్లా మా నాన్న మారుస్తాడు మేడమ్. ఎందుకని అడిగితే అలాగే మారుస్తారురా అనేవాడు" అన్నాడు. ఆ సాయంత్రం ఇంటికెళ్లి తండ్రికి తనే చెప్పాడట. వాడికి కరోజన్‌లో బీ ప్లస్ వచ్చింది. ఇప్పుడు ఓడల మరమ్మతు పనిలో ఉన్నాడు.

ఈ ఊళ్లో 1933లో ఓడరేవు తెరిచారు. 1948లో స్వతంత్ర భారతంలో కట్టిన మొదటి పెద్ద ఓడ జల ఉషను ఇక్కడి సింధియా యార్డులోనే నెహ్రూ నీటిలోకి వదిలారు. బీచ్ రోడ్డులో కురుసుర జలాంతర్గామి 2002 నుంచి ఉప్పుగాలికి ఎదురుగా నిలబడి ఉంది. రేవు, నౌకాదళం, రిఫైనరీ, ఉక్కు ఫ్యాక్టరీ ఇన్ని ఉన్న ఊళ్లో ఇనుము ఎలా చస్తుందో చదివేవాడికి పని దొరకదంటే నేను ఒప్పుకోను.

ఉక్కు మాట వచ్చింది కాబట్టి ఒక తండ్రి అడిగిన ప్రశ్న చెప్పాలి. కూర్మన్నపాలెం నుంచి వచ్చారు, ప్లాంటులోనే ఉద్యోగం. "మేడమ్, 2021లో ప్లాంటును అమ్మేస్తామన్నారు. మొన్న 2025 జనవరిలో 11,440 కోట్లు ఇస్తామన్నారు. రేపేమంటారో తెలీదు. మా అమ్మాయి ఐరన్ మేకింగ్ ఎందుకు తీసుకోవాలి? పైథాన్ తీసుకోమనండి" అన్నారు. ఆయన బాధ నిజం. 1966 ఉద్యమంలో 32 మంది ప్రాణాలిస్తే వచ్చిన ప్లాంటు అది. దాన్ని నమ్ముకుని బతికిన మనిషి అలా అంటుంటే జవాబు వెతుక్కోవలసి వచ్చింది. అయినా ఆ అమ్మాయిని పిలిచి అడిగాను: మీ నాన్నగారు పనిచేసే చోట బ్లాస్ట్ ఫర్నేసుల పేర్లు తెలుసా? తెలియదంది. గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని చెప్పాను. ఒక్కోదానిలోకి ఏమేమి పోస్తారో, అడుగున ఏం వస్తుందో ఆ అమ్మాయి తండ్రినే అడగమన్నాను. రెండు రోజుల తర్వాత తండ్రే ఫోన్ చేశారు. "నిన్న రాత్రి పన్నెండు దాకా కూర్చోబెట్టి అడిగిందండీ" అన్నారు. ఆ అమ్మాయి ఏ ఎలక్టివ్ రాసిందో ఇక్కడ చెప్పను, అది వాళ్లింటి విషయం.

ఊరు చూసి చదవాల్సింది తుప్పూ ఉక్కూ మాత్రమే కాదు. సేఫ్టీ సబ్జెక్టును థియరీ అని, కథలని తీసిపారేసేవాళ్లను చూస్తే నాకు కోపం వస్తుంది. 2020 మే 7 తెల్లవారుజామున ఈ ఊళ్లోనే ఆర్ఆర్ వెంకటాపురంలో ఒక ఫ్యాక్టరీ ట్యాంకు నుంచి వచ్చిన స్టైరీన్ ఆవిరికి 12 మంది చనిపోయారు. స్టైరీన్ తనంతట తాను పాలిమర్‌గా మారుతూ వేడెక్కే ద్రవం. దాన్ని చల్లగా ఉంచాలి, అడ్డుకునే రసాయనం సరిపడా కలపాలి. ఆ ట్యాంకులో పైభాగాన ఉష్ణోగ్రత కొలిచే ఏర్పాటు లేదని విచారణ కమిటీ తేల్చింది. ఇదంతా ప్రాసెస్ సేఫ్టీ ఎలక్టివ్‌లో రెండు తరగతుల పాఠం. క్లాసులో చెప్పేటప్పుడు ఈ ఊరి పిల్లల మొహాల్లోకి చూసి చెప్పడం నాకు కష్టంగా ఉంటుంది. చెప్పకుండా ఉండటం ఇంకా కష్టం.

కావలసిన సబ్జెక్టు జాబితాలోనే లేకపోతే ఏం చెయ్యాలి? చాలా కాలేజీల్లో కాగితం మీద అయిదు పేర్లుంటాయి, చెప్పడానికి మనిషున్నది ఒక్కదానికే. వరండాలో సణుక్కోకుండా ఇరవై సంతకాలతో అర్జీ రాసి హెచ్‌ఓడీ చేతికివ్వండి. అడిగిన చోట క్లాసు పెట్టిన సందర్భాలు నేను చూశాను. అదీ కుదరకపోతే స్వయం వేదిక మీద ఎన్‌పీటీఈఎల్ కోర్సు చెయ్యండి. 12 వారాల కోర్సుకు 3 క్రెడిట్లు, అసైన్‌మెంట్లకు 25 శాతం, పరీక్షకు 75 శాతం. చేరేముందే డిపార్ట్‌మెంట్ అనుమతి కాగితం మీద తీసుకోండి. అయ్యాక అడిగితే క్రెడిట్లు రావు.

నాలుగో ఏడాది పిల్లలకు ఒక్క ముక్క. కంపెనీలు నాలుగు-ఒకటి మొదట్లోనే వచ్చేస్తాయి, వాళ్లు చూసేది మూడు-రెండు దాకా వచ్చిన సీజీపీఏ. ఆ తర్వాతి ఎలక్టివ్‌లు ఆ ఇంటర్వ్యూకి లెక్కలోకే రావు. అప్పుడు కూడా స్కోరింగ్ వెతికేవాళ్లు ఎందుకు వెతుకుతారో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

గాజువాక అమ్మాయి మర్నాడు పొద్దున్నే వచ్చి కరోజన్ కింద పేరు రాసింది. వస్తూ వస్తూ తన రూమ్మేట్‌ను కూడా లాక్కొచ్చింది, స్నేహితులతో కలిసి తీసుకోవద్దన్న నా మాట అప్పుడే మీరింది. ఈసారికి నేనూ ఏమీ అనలేదు. జాబితాలో పదిహేడు పేర్లయ్యాయి. క్లాసు నడవాలంటే ఇరవై కావాలి. సోమవారం సాయంత్రం అయిదింటి దాకా ఫారం నా టేబుల్ మీదే ఉంటుంది.