చెల్లని కాసుకే చెల్లుబాటు

మొన్న ఆదివారం పొద్దున్నే మా బాబాయి ఆటో దిగాడు. చంకలో పాత డాల్డా డబ్బా. మంచినీళ్లయినా తాగకుండా డబ్బా మూత తీసి, ఇంకా నేను చదవని పేపరు మీద బోర్లించాడు. ఇల్లంతా గలగల.

"ఒరేయ్, నీ ఫోన్లో ఫొటోలు బాగా పడతాయి. వీటికి రెండు వైపులా తీయి. గీతలు కనపడకూడదు."

చూద్దును కదా, నలుపలకల అయిదు పైసలు, ఆరుపలకల మూడు పైసలు, తామరపువ్వున్న ఇత్తడి ఇరవై పైసలు, ఓ గుప్పెడు పావలాలు. 2011 జూన్ 30తో పావలా, దాని కింది బిళ్ళలన్నీ చెల్లవని ప్రభుత్వం అంది. బస్సు కండక్టర్లు ఆ మాట అంతకు చాలా ముందే అన్నారు. వాటి పక్కన నాలుగైదు రాగిబిళ్ళలు తళతళ మెరుస్తున్నాయి.

"రాత్రి మీ పిన్నీ నేనూ కూర్చుని చింతపండు పెట్టి తోమాం" అన్నాడు గర్వంగా.

పాత నాణేల పిచ్చి ఉన్నవాళ్లెవరైనా ఆ మాట వింటే గుండె పట్టుకుని కూలబడతారు. తోమిన నాణేనికి వాళ్ల లోకంలో సగం విలువ పోయినట్టే. కిలుం పట్టిన రాగికే అక్కడ మర్యాద. మన ఇళ్లలో రాగి చెంబు తోమకపోతే తిట్లు, వాళ్ల బీరువాల్లో తోమితే శాపాలు.

సంగతేమిటంటే, బాబాయి ఓ వీడియో చూశాడు. మాతా వైష్ణోదేవి బొమ్మ ఉన్న అయిదు రూపాయల బిళ్ళకి పది లక్షలట. ట్రాక్టరు బొమ్మ ఉన్న అయిదు రూపాయల నోటుకి మూడు లక్షలట. నంబరులో 786 ఉంటే మాట్లాడక్కర్లేదట. కింద ఇచ్చిన నంబరుకి ఫోను చేస్తే, అవతలివాడు "సార్, మీరు చాలా లక్కీ" అన్నాడట. డెబ్భై రెండేళ్ల జీవితంలో ఆ మాట తనతో అన్న మొదటి మనిషి వాడేనని బాబాయి చెబుతుంటే నాకు జాలేసింది. ఆ అదృష్టానికి రిజిస్ట్రేషన్ ఫీజు 1,150 రూపాయలు. అప్పుడే కట్టేశాడు కూడా. ఇక జీఎస్టీ కట్టాలి, ఆ తర్వాత రిజర్వు బ్యాంకు అనుమతి పత్రానికి కట్టాలి, ఆ తర్వాత పది లక్షలు పట్టుకుని ఓ ఆఫీసరు ఇంటికొస్తాడు.

"పది లక్షలిచ్చేవాడు ఆ ఫీజేదో అందులోనే మినహాయించుకుని మిగతాది ఇవ్వచ్చుగా బాబాయ్?"

"రూలు ఒప్పుకోదుటరా."

ఆ వైష్ణోదేవి బిళ్ళ 2012 నాటిది. అదెంత పురాతనమంటే, అదే ఏడు కొన్న మా ఇంటి మిక్సీ ఇంకా తిరుగుతోంది. సంవత్సరం కింద నక్షత్రం గుర్తున్న బిళ్ళయితే మరీ అపురూపమని వాడు చెప్పాడట. ఆ నక్షత్రానికి అర్థం ఆ బిళ్ళ హైదరాబాద్ టంకశాలలో తయారైందని. ముంబైదైతే డైమండు గుర్తు, నోయిడాదైతే చుక్క, ఏ గుర్తూ లేకపోతే కోల్‌కతాది. టంకశాల ఇప్పుడున్నది చర్లపల్లిలో. మా బాబాయి ఉండేది ఈసీఐఎల్ దగ్గర. ఇంటికి కూతవేటు దూరంలో కోట్లకొద్దీ పుట్టిన బిళ్ళని అరుదైనదని నమ్మి డబ్బు కట్టడమంటే, గోదావరి గట్టు మీద కూర్చుని బిందె నీళ్లు వేలంపాటలో కొనుక్కోవడమే.

ఇలాంటి పాత నోట్లు, నాణేల క్రయవిక్రయాలతో మాకు సంబంధం లేదు, మేం ఏ ఫీజూ కమీషనూ అడగం, మా పేరు వాడుకోమని ఎవరికీ చెప్పలేదు అని రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులో ప్రకటన ఇచ్చింది. ఆ ప్రకటన పాపం తిన్నగా, చప్పగా ఉంది. అందులో "మీరు చాలా లక్కీ" అన్న మాట లేదు. ఇక ఎవరు చదువుతారు?

పది లక్షల దగ్గర ఆగినవాడు మర్యాదస్తుడు. ఆగని వాళ్ల కోసం మన రెండు రాష్ట్రాల్లోనూ "రైస్ పుల్లింగ్" అనే మహావిద్య ఉంది. ఈస్టిండియా కంపెనీ వారు వేయించిన ఓ రాగి నాణెం, దాని మీద రాముడూ సీతా హనుమంతుడూ, దాని మీద పిడుగు పడి ఇరిడియం చేరిందట. బియ్యపు గింజ దగ్గర పెడితే లాక్కుంటుందట. కొనేవాడు నాసా. ఎందుకు? రాకెట్లకి. రాకెట్లకి బియ్యం లాగవలసిన అవసరం ఏమొచ్చిందని ఎవరూ అడగరు. లాభం కోట్లలో కాబట్టి పెట్టుబడి లక్షల్లో. ఇలాంటి ముఠాలు పట్టుబడినట్టు పేపర్లో పదేపదే చూస్తూనే ఉన్నాం. నాణెం ఏనాడూ బియ్యాన్ని లాగలేదు. బియ్యం తినేవాళ్ల పొలాల్ని మాత్రం లాగింది. ఆ కంపెనీ 1835లో దేశమంతటికీ ఒకే రకం నాణేలు వేయించినప్పుడు రూపాయి మీద అచ్చేసిన మొహం నాలుగో విలియం రాజుది. హనుమంతుడిని అచ్చు వేయించేంత భక్తి కంపెనీ దొరలకే ఉంటే మన చరిత్ర వేరే దారిలో నడిచేది.

ఇదంతా చదివి "చదువులేనివాళ్ల అత్యాశ" అని పెదవి విరిచే పెద్దమనుషులుంటారు. వాళ్లని చేయిపట్టుకుని ఏసీ హాల్లోకి తీసుకుపోవాలి. అక్కడ డాల్డా డబ్బా ఉండదు, మఖ్మల్ పెట్టె ఉంటుంది. "మీరు చాలా లక్కీ" అనరు, "ఈ స్థాయి నాణెం తరానికోసారి బయటికొస్తుంది" అంటారు. రిజిస్ట్రేషన్ ఫీజనరు, "బయ్యర్స్ ప్రీమియం" అంటారు. సుత్తి పడ్డ ధర మీద ఇరవై శాతం అటూ ఇటూ కొన్నవాడి నెత్తిన పడుతుంది. సూటు వేసుకున్న కమీషన్ అన్నమాట.

అక్కడ నాణేలకి మార్కులు కూడా వేస్తారు. ఒకటి నుంచి డెబ్భై వరకు. ఈ కొలబద్ద తయారుచేసినవాడు విలియం షెల్డన్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త, 1949లో. అరిగి అరిగి ఆనవాలు మాత్రం మిగిలిన సెంటు ఖరీదు ఒకటైతే, అచ్చులోంచి అప్పుడే రాలినట్టున్నది డెబ్భై రెట్లు అని ఆయన లెక్క. ఇప్పుడు అరవై తొమ్మిదికీ డెబ్భైకీ మధ్య తేడా భూతద్దం పెట్టినా మనబోటివాళ్లకి కనపడదు, ధరలో మాత్రం కళ్లకు కట్టినట్టుంటుంది. ఆ షెల్డన్ గారే అమెరికన్ న్యూమిస్మాటిక్ సొసైటీ సేకరణలోని మంచి సెంట్లు తీసుకుని వాటి స్థానంలో తన నాసిరకం సెంట్లు పెట్టిపోయాడని ఆయన పోయిన తర్వాత బయటపడింది. తూకంరాళ్లు చేసినవాడే కాటా కొట్టాడు. రాళ్లు మాత్రం ఇప్పటికీ ఆయనవే వాడుతున్నారు.

అన్నిటికీ తలమానికం 1933 నాటి అమెరికా ఇరవై డాలర్ల బంగారు నాణెం, డబుల్ ఈగిల్. 4,45,500 అచ్చు వేశారు. ఈలోగా రూజ్‌వెల్ట్ బంగారు నాణేల చెలామణి ఆపేశాడు. అన్నీ కరిగించమన్నారు. కొన్ని కరగకుండా గోడ దూకాయి. అంటే దొంగసొత్తు. అందులో ఒకటి ఈజిప్టు రాజు ఫారూక్ చేతికి పోయింది. ఆ రాజుదేనని చెప్పే నాణెం 2002లో న్యూయార్కులో వేలానికొచ్చి 75 లక్షల 90 వేల డాలర్లకి పోయింది. ఆ పైన ఇంకో ఇరవై డాలర్లు. ఎందుకయ్యా అంటే, ఈ నాణేన్ని ప్రభుత్వం ఏనాడూ అధికారికంగా జారీ చేయలేదు, కాబట్టి దాని ముఖవిలువ ఇరవై డాలర్లు ఖజానాకి కడితేనే చట్టప్రకారం డబ్బవుతుందట! పాతికేళ్ల కాపురం తర్వాత రిజిస్ట్రారు ఆఫీసులో పెళ్లి సంతకం పెట్టినట్టు. 2021లో అదే నాణెం కోటీ 88 లక్షల డాలర్లు దాటింది, మన లెక్కలో 130 కోట్ల రూపాయల పైమాటే. చెలామణిలోకి ఏనాడూ రాకపోవడమే దాని అర్హత. డబ్బుగా పనికిరాకపోతేనే డబ్బుకి ఇంత గౌరవం.

ఇంకా పైమెట్టుకి పోదాం. జూలియస్ సీజర్‌ని పొడిచి చంపిన బ్రూటస్, ఆ ఘనకార్యానికి గుర్తుగా రెండు బాకులు, మధ్యన ఓ టోపీ అచ్చువేయించాడు. ఆ బంగారు నాణెం ఒకటి 2020లో లండన్ వేలంలో 32 లక్షల పౌన్లు దాటింది. ఎక్కడిది అని అడిగితే, ఫలానా ప్రభువుగారి పాత సేకరణలోది అని కాగితాలు చూపించారు. 2023లో వేలం సంస్థ యజమానిని న్యూయార్కులో అరెస్టు చేశారు. కాగితాలు కల్పితం. నాణెం గ్రీసుకి తిరిగిపోయింది. పిడుగు కథ చెప్పిన మన రైస్ పుల్లింగ్ వాడికీ, ప్రభువుగారి కథ చెప్పిన ఆ దొరలకీ తేడా ఏముంది? ఇద్దరూ అమ్మింది కథే. ఒకడు తెలుగులో చెప్పి పట్టుబడ్డాడు, ఇంకొకడు ఇంగ్లీషులో కేటలాగు వేసి పట్టుబడ్డాడు.

కథ అమ్మితే తప్పేమిటంటారా? అసలు కథని పారేసి అమ్మడమే తప్పు. 1906లో నాసిక్ దగ్గర జోగల్‌తంబిలో 13 వేల పైచిలుకు వెండి నాణేలు ఒక్కచోట దొరికాయి. అన్నీ క్షహరాట రాజు నహపానుడివి. వాటిలో 9 వేలకు పైగా నాణేల మీద గౌతమీపుత్ర శాతకర్ణి తన ముద్ర మళ్లీ గుద్దించాడు. ఓడిన రాజు మొహం మీద గెలిచిన రాజు ముద్ర. ఎవరు ఎవర్ని ఓడించారో చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం కావాలా? ఆ కుప్పంతా ఒక్కచోట లెక్కకొచ్చింది కాబట్టి అది చరిత్ర అయింది. అదే నూరు చేతులు మారి, నూరు కేటలాగుల్లోకి చెదిరిపోయి ఉంటే? "పాతది, రెండు ముద్రలు, చూడముచ్చటైనది" అని ఒక్కో ముక్క మీద ఒక్కో ధర. శాతకర్ణి చేసిన పని ఈనాడు నాణేలు పోగేసేవాడు చూస్తే "అయ్యో, మంచి పీసు పాడుచేశాడే" అంటాడు.

మన కోటిలింగాలనే తీసుకోండి. గోదావరి ఒడ్డున ఊరివాళ్లకి దొరికిన నాణేలు శాసనాల పరిశోధకులు పి.వి. పరబ్రహ్మశాస్త్రి గారి కంట పడ్డాయి కాబట్టి, వాటి మీద సిముకుడి పేరు చదివారు కాబట్టి, శాతవాహనుల తొలి రోజుల ముచ్చట తెలంగాణ నేల మీదికొచ్చింది. నాణెం మీదున్న పేరెంత ముఖ్యమో, ఏ ఊళ్లో దొరికిందన్నది అంత ముఖ్యం. అవే బిళ్ళలు మధ్యవర్తి సంచిలో పడి పట్నం చేరితే సిముకుడు మిగులుతాడు గానీ కోటిలింగాల మిగలదు. దొరికిన చోటు చెబితే పోలీసులొస్తారని సంచిలోకెక్కగానే ముందు ఊరి పేరు చెరిపేస్తారు. వేలంలో దానికి బదులు ఓ ప్రభువుగారి పేరు రాస్తారు.

చట్టం లేక కాదు. 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ఇంకా బతికే ఉంది. నేలలో పది రూపాయలకు మించిన విలువున్న నిధి దొరికితే కలెక్టరుకి తెలియజేయాలి. మనవాళ్లు చట్టాన్ని అక్షరాలా పాటిస్తూనే ఉన్నారు. కాకపోతే జిల్లా కలెక్టరు బదులు కాయిన్ కలెక్టరుకి తెలియజేస్తున్నారు.

ఎంత పెద్ద నాణెమైనా తప్పించుకోగలదనడానికి మన హైదరాబాదే సాక్షి. జహంగీరు 1613లో ఆగ్రాలో వేయించిన వెయ్యి మొహర్ల బంగారు నాణెం బరువు పన్నెండు కిలోల దరిదాపు. జేబులో వేసుకుపోయేది కాదు. నిజాం వారింట ఉండేదని చెప్పే ఆ మహానాణెం 1987లో జెనీవాలో వేలానికి తేలింది. సీబీఐ వెతికింది. ఈనాటికీ అది బయట కనపడలేదు. పన్నెండు కిలోల నాణేన్నే కాపాడుకోలేని వాళ్లం, పొలంలో దొరికిన సీసపు బిళ్ళని కాపాడతామా?

ఒక్క మాట ఒప్పుకోవాలి. నాణేలు పోగేసేవాళ్లంతా దొంగలు కారు. దొరికిన చోటు రాసిపెట్టుకుని, చదివి, పదిమందికి చూపించి, చివరికి మ్యూజియానికి ఇచ్చేసినవాళ్లున్నారు. వాళ్ల నాణేలకి ధర తక్కువ, వాళ్ల నోటుబుక్కులకి విలువ ఎక్కువ. కానీ వేలంపాటలో నోటుబుక్కులు ఎవరు పాడతారు?

ఫొటోలు తీస్తుంటే డబ్బా అడుగున ఓ చిల్లు కాణీ కనపడింది. యుద్ధకాలంలో లోహం కరువై, 1943 నుంచి నాలుగైదేళ్లపాటు మధ్యలో బొక్కపెట్టి కోట్లలో అచ్చువేసిన కాణీ. ఇది 1944ది. బొక్కలో నల్లదారం ముక్క ఇంకా ఇరుక్కుని ఉంది. అందుకేనేమో, ఇదొక్కటీ తోమలేదు.

"ఇదెక్కడిది బాబాయ్?"

"నాదేరా. పుట్టినప్పుడు దిష్టి తగలకుండా మీ నానమ్మ నా మొలతాడుకి కట్టింది. నా తర్వాత మీ చిన్నత్తకి కట్టారు. దాని తర్వాత నీకూ కట్టారు. నువ్వు నోట్లో పెట్టుకుంటే తీసేశారు."

షెల్డన్ గారి కొలబద్దలో దీనికి పది మార్కులు కూడా రావు. కానీ ఎవరి చేతిలోంచి ఎవరి మొలకి పోయిందో, ఎవరి నోట్లోకి పోబోయిందో సహా పూర్తి చరిత్ర ఉన్న నాణెం. ముప్ఫై రెండు లక్షల పౌన్ల బ్రూటస్ బంగారానికి ఆ భాగ్యం లేదు.

అప్పుడే బాబాయి ఫోను మోగింది. అవతల "ఆఫీసరు". జీఎస్టీ ఎప్పుడు కడుతున్నారు సార్ అని. బాబాయి కాణీని వేళ్ల మధ్య తిప్పుతూ కాసేపు ఆలోచించి, "పది లక్షల్లోంచి పట్టుకుని మిగతాది పంపు" అన్నాడు. రూలు ఒప్పుకోలేదు. ఫోను కట్టయింది.

"డల్లాస్‌లో మనవడికి వచ్చే నెల మూడో నెల" అన్నాడు బాబాయి, పావలాలు డబ్బాలో వేసుకుంటూ. "ఈ కాణీ పంపచ్చా? మళ్లీ పురావస్తువు, గిరావస్తువు అంటారేమో."

చట్టప్రకారం నూరేళ్లు నిండిన నాణెం దేశం దాటకూడదు. దీనికింకా నిండలేదు.

"2044 దాకా నీ ఇష్టం బాబాయ్" అన్నాను. "కొత్త నల్లదారం మాత్రం కొను."