తైలసూత్రానికి టీకా తాత్పర్యం

అవతారిక

కర్నూలులో ఈమధ్య ఇంజనాయిలు అమ్మడం పోయి ప్రవచించడం వచ్చింది. కంపెనీ వాళ్లు ఫంక్షన్ హాలు మాట్లాడి, మెకానిక్కులనూ లారీ ఓనర్లనూ కూర్చోబెట్టి, తెర మీద రంగురంగుల బొమ్మలు వేసి, టై కట్టిన కుర్రవాడి చేత గంటన్నర ఉపన్యాసం ఇప్పిస్తారు. అందులో 'మాలిక్యూల్' అన్న మాటకు కొదవ ఉండదు. 'మీ బండి ఏ సంవత్సరంది?' అన్న ప్రశ్న ఒక్కసారీ రాదు. చివర బిరియానీ ఉంటుంది కనుక ఎవరూ లేచిపోరు. తిన్నవాడికి డబ్బా మీది వాక్యం మహావాక్యమై తోచడం సహజం. మహావాక్యానికి వ్యాఖ్య లేకపోవడం తెలుగువారికి అప్రతిష్ఠ. కాళిదాసుకు సంజీవని రాసిన కోలాచలం మల్లినాథ సూరి ఆధారం లేనిది రాయననీ, అక్కరలేనిది చెప్పననీ ప్రతిజ్ఞ పట్టాడు. ఈ వ్యాఖ్యాత అందులో మొదటి సగానికే కట్టుబడతాడు.

మూలం

"పూర్ణ సింథటిక్. 5డబ్ల్యూ-30. ఏపీఐ సీకే-4. అతిదీర్ఘ మార్పిడి. మీ లారీకి ప్రపంచస్థాయి రక్షణ."

టీక

పూర్ణ సింథటిక్: అమెరికా పెట్రోలియం సంస్థ ఏపీఐ వారు మూలతైలాలను ఐదు వర్గాలు చేశారు. మొదటి రెండూ ముడిచమురును శుద్ధిచేసి తీసినవి. నాలుగోది పాలీ ఆల్ఫా ఓలిఫిన్, అంటే ఫ్యాక్టరీలో అణువులు పేర్చి కట్టినది. మొదటి నాలుగింటిలో చేరనివన్నీ ఐదో వర్గం. పేచీ అంతా మూడోదానితో. పుట్టుక ముడిచమురే, కానీ హైడ్రోజన్‌తో పట్టి శుద్ధిచేస్తే గుణంలో నాలుగోదానికి దగ్గరగా వస్తుంది. జాతిని పుట్టుక చూసి చెప్పాలా, గుణం చూసి చెప్పాలా? ఈ పాత ప్రశ్న మీద 1999లో అమెరికాలో మొబిల్, క్యాస్ట్రాల్ కంపెనీలు తలపడ్డాయి. ప్రకటనల మీది ఫిర్యాదులు విచారించే సంస్థ గుణమే ప్రధానమని, మూడో వర్గాన్నీ సింథటిక్ అనుకోవచ్చని తేల్చింది. కాబట్టి 'పూర్ణ' శబ్దం చూసి లోపల ఏ వర్గం ఉందో చెప్పడం బ్రహ్మతరం కాదు. 'సెమీ సింథటిక్' అని పాఠాంతరం. అది అర్ధకుక్కుటీ న్యాయం: కోడిలో సగం కూరకు, సగం గుడ్లకు. ఏ సగమెంతో డబ్బా మీద రాయరు.

5డబ్ల్యూ: డబ్ల్యూ శీతకాలానికి గుర్తు, సుగమం. 5 సుగమం కాదు, కనుక సంప్రదాయాన్ని బట్టి దాన్ని దాటేయాలి. కానీ భోజరాజు యోగసూత్రాలకు రాజమార్తాండవృత్తి రాస్తూ మొదట్లోనే వ్యాఖ్యాతలను దులిపేశాడు. కష్టమైన చోట స్పష్టమే అని తప్పుకుంటారట, స్పష్టమైన చోట సమాసాలు విప్పుతూ కూర్చుంటారట. ఆ తిట్టు తగలకుండా చెప్పేస్తాను. 5డబ్ల్యూ తైలమంటే మైనస్ 30 డిగ్రీల చలిలోనూ ఇంజిన్ తిరగడానికి అడ్డుపడనిది. 10డబ్ల్యూ అయితే మైనస్ 25 వరకు, 15డబ్ల్యూ అయితే మైనస్ 20 వరకు. అమెరికా ఇంజినీర్ల సంఘం ఎస్‌ఏఈ 1911లో మొదలుపెట్టిన వర్గీకరణ పెరిగి పెరిగి ఈ రూపానికొచ్చింది. మన రాష్ట్రంలో లంబసింగిలో సున్నా దాకా దిగితేనే పేపర్లలో ఫోటోలు వేస్తారు. బేతంచెర్లలో నాపరాళ్లు ఎత్తుకుని డోన్ మీదుగా హైదరాబాదు పోయే లారీకి మైనస్ 30 ఎక్కడ ఎదురవుతుందో ఆ కుర్రవాడు సెలవివ్వలేదు.

మంచుకొండల్లో లేపనం ఏమవుతుందన్న సంగతి తెలుగులో విచారించినవాడు అల్లసాని పెద్దన. ఆయన మన సీమకు చెందినవాడే. రాయలవారిచ్చిన అగ్రహారాల్లో కోకటం కడప జిల్లా కమలాపురం దగ్గరే ఉంది, ఎర్రగుంట్ల సిమెంటు లారీల దారికి ఏమంత దూరం కాదు. మనుచరిత్రలో ప్రవరుడి ఇంటికి సిద్ధుడొకడు వస్తాడు. చూడని తీర్థం లేదంటాడు. ఇంత చిన్న వయసులో ఎలా తిరిగావయ్యా అంటే, పాదలేప మహిమ అంటాడు. అడిగిందే ఆలస్యం, కాళ్లకు పసరు పూస్తాడు. ప్రవరుడు హిమాలయం మీద తేలతాడు. సిద్ధుడి ధోరణి గమనించండి. తిరిగిన దేశాలు చెప్పాడు, మందు మహిమ చెప్పాడు. ఎన్ని యోజనాలకు మళ్లీ పూయాలో చెప్పలేదు. తడి తగిలితే ఏమవుతుందో చెప్పలేదు. ఫంక్షన్ హాలు సంప్రదాయానికి ఈయనే మూలపురుషుడని నా నిశ్చితాభిప్రాయం. టై ఒక్కటే లేదు.

తర్వాత కథ తెలిసిందే. ఎండకు మంచు కరిగింది, పసరు కొట్టుకుపోయింది, ప్రవరుడు కొండ మీద ఆగిపోయాడు. ఇది శీతదోషమా, జలదోషమా? శీతదోషమని పూర్వపక్షం. అలాగైతే 5డబ్ల్యూ పసరు పూసుకుంటే సరిపోయేది. కాదని సిద్ధాంతం. కొండ మీద దిగినప్పుడూ చలే, అక్కడి వింతలు చూస్తున్నంతసేపూ చలే. అప్పుడంతా పసరు నిలిచే ఉంది. చెడింది మంచు నీరయ్యాకనే. కాబట్టి జలదోషమే. షెడ్డు పరిభాషలో చెప్పాలంటే హెడ్ గాస్కెట్ పోయి చాంబర్లో నీళ్లు కలవడం. సహాయానికి ఆ దరిదాపుల్లో సర్వీసు సెంటరు లేదు. దారి అడుగుదామంటే వరూధిని ఎదురైంది. ఆమె దారి తప్ప అన్నీ చెప్పింది. చివరికి అగ్నిని ప్రార్థించి ఇల్లు చేరాడు. లారీకి ఆ సౌకర్యం లేదు. ఇంజిన్లో అగ్ని ప్రత్యక్షమైతే వచ్చేది ఇన్సూరెన్సు వాళ్లు, అదీ అన్ని కాగితాలూ ఉంటే.

ఈ సూక్ష్మాన్ని జూలూరి అప్పయ్య పండితుడు ఎలా పరిష్కరించేవాడో అనిపిస్తుంది. మనుచరిత్రకు ఆయన చేత వ్యాఖ్య రాయించింది సి.పి. బ్రౌన్. 1820లో కడపకు ఉద్యోగం మీద వచ్చిన ఆ దొర అక్కడే బంగళా కొని, సొంత డబ్బుతో పండితులకు జీతాలిచ్చి, తాళపత్ర ప్రతులు ఒకదానితో ఒకటి పోల్పించి తప్పులు దిద్దించాడు. ఆ చోటే ఇప్పుడు ఆయన పేర భాషా పరిశోధన కేంద్రం ఉంది. అంటే కడపలో పద్యం అసలుదో ప్రక్షిప్తమో తేల్చే ఏర్పాటు రెండు వందల ఏళ్ల నాడే ఉండేదన్నమాట. ఇవాళ అదే కడపలో ఆయిలు డబ్బా అసలుదో, వాడి పారేసింది వడకట్టి మళ్లీ నింపిందో తేల్చుకోడానికి లారీ ఓనరుకు మూత మీది సీలు తప్ప దిక్కు లేదు. ఈ వాక్యం టీకలోకి రాకూడదు. వచ్చింది.

30: వంద డిగ్రీల వేడిలో చిక్కదనం. 9.3 నుంచి 12.5 సెంటీస్టోక్స్ దాకా అయితే 30. అక్కడి నుంచి 16.3 దాకా 40. మన ఎండలకు ఎంత చిక్కటిదైతే అంత మంచిదని పాత మేస్త్రీల పాఠం. అది అపపాఠం. మే నెలలో బయట 44 డిగ్రీలున్నా, చలికాలం తెల్లవారుజామున 16 ఉన్నా, ఇంజిన్ వేడెక్కాక దాని వేడిని థర్మోస్టాట్ ఒక తీరున నిలుపుతుంది. చాంబర్లో ఆయిలు ఎటూ వంద డిగ్రీల దగ్గరే తిరుగుతుంటుంది. ఆయిలును పరీక్షించేది ఎండ కన్నా బరువు. మోయగలిగిన దానికి మించి రాయి ఎత్తి గువ్వలచెరువు ఘాటు ఎక్కిస్తే తెలుస్తుంది. కంపెనీ పుస్తకంలో 15డబ్ల్యూ-40 అని ఉన్న పాత ఇంజిన్లో 30 పోస్తే బేరింగుల మధ్య పొర పలచబడుతుంది. పుస్తకమే 5డబ్ల్యూ-30 అంటే అదే పోయాలి, డీజిలు కాస్త మిగులుతుంది కూడా. పుస్తకం చూడండి అన్న ఈ ఒక్క ముక్క చెబితే ఉపన్యాసం ఐదు నిమిషాల్లో అయిపోతుంది. బిరియానీ చల్లారదు.

సీకే-4: ఇదీ అసలు సూత్రం. కఠినం, కనుక హాల్లో దీన్ని అర నిమిషంలో దాటించారు. సీఐ-4 తరగతి 2002లో వచ్చింది, సీకే-4 2016 చివర్లో. దేశమంతటా 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 పొగ ప్రమాణాల బళ్లే అమ్మాలన్నారు. వాటి సైలెన్సరు దారిలో మసిని పట్టే ఫిల్టరు ఉంటుంది. మసి కాలిపోతుంది. ఆయిలు కాలగా మిగిలే బూడిద కాలదు, అందులోనే పేరుకుంటుంది. సీకే-4లో ఆ బూడిద ఒక శాతం దాటకూడదని నియమం. ఫిల్టరున్న బండికి పాత సీఐ-4 పోస్తే ఆదా అయ్యేది కొన్ని వేలు, ఫిల్టరు మూసుకుపోతే వదిలేది లక్షల్లో. మరి 2012 నాటి లారీకో? డీజిల్లో గంధకం 350 పీపీఎం దాకా ఉన్న రోజుల్లో దాని నుంచి పుట్టే ఆమ్లాన్ని విరిచే శక్తి ఆయిలుకు ఎక్కువ కావలసి వచ్చేది. ఇప్పుడు వచ్చే డీజిల్లో గంధకం 10 పీపీఎం. ఆ లారీకి సీఐ-4 జాతి 15డబ్ల్యూ-40 మామూలు ఆయిలు చాలు. సీకే-4 పోసినా బండికి నష్టం లేదు, నష్టమంతా జేబుకే.

షెడ్డులో జరిగేది వేరు.

"ఏం పోద్దామన్నా?"

"నాకేం తెల్సప్పా, నువ్వే సెప్పు."

"సింథటిక్ పోద్దాంలే. మొన్న హాల్లో సెప్పినారు గదా."

మేస్త్రీ మూత తిప్పుతాడు. మూత అడుగున వెండి కాగితం, దాని కింద చిన్న కూపను. బొటనవేలి గోరుతో గీకి, నంబరు ఫోన్లోకి కొట్టి, ఆ తర్వాత గరాటు కోసం చూస్తాడు. ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకంలో చెప్పిన వాచ్యమూ వ్యంగ్యమూ ఇక్కడ రెండూ స్పష్టం. వాచ్యం ఇంజిన్ రక్షణ, వ్యంగ్యం కూపను. మేస్త్రీని తప్పుపట్టను. పొద్దంతా గ్రీజులో పొర్లినా అతనికి దక్కే కూలి ఎంతో నాకు తెలుసు. కూపను పెట్టినవాడి తెలివికే నమస్కారం. ఆరు సిలిండర్ల లారీ ఇంజిన్ ఒక్కసారికి పదిహేను లీటర్ల పైనే తాగుతుంది. సింథటిక్ లీటరు ధర మామూలుదానికి దాదాపు రెండింతలు. ఆ తేడా కట్టేది ఫైనాన్సు కంతు ఇంకా తీరని ఒంటి లారీ ఓనరు.

అతిదీర్ఘ మార్పిడి: ఒకసారి పోస్తే చాలా వేల కిలోమీటర్ల దాకా మార్చనక్కర్లేదని భావం. సింథటిక్ వేడికి త్వరగా చిక్కబడదు, ముద్దకట్టదు. అది నిజమే, దాని గొప్పతనాన్ని కాదనను. కానీ బేతంచెర్ల పాలిష్ ఫ్యాక్టరీల దారి, మంగంపేట ముగ్గురాయి గనుల దారి చూసినవాడెవడూ ఆ మాట అక్షరాలా నమ్మడు. అక్కడ దుమ్ము లారీ కన్నా ముందు పోతుంది. ఎయిర్ ఫిల్టరు నుంచి ఇంజిన్‌కు పోయే రబ్బరు గొట్టం మీద వేలెడు పగులు చాలు, ఇసుక లోపలికి పోయి పిస్టన్ రింగులనూ సిలిండరు గోడలనూ గీకేస్తుంది. ఇసుకను కరిగించే సింథటిక్ ఇంకా పుట్టలేదు. దుమ్ములో తిరిగే బళ్లకు గడువు తగ్గించుకోవాలని కంపెనీ పుస్తకాల్లోనే ఉంటుంది, ఇంగ్లీషులో, పేజీ అడుగున, చీమ తలకాయలంత అక్షరాల్లో. ఆ పుస్తకం క్యాబిన్లో దేవుడి పటం వెనక పాలిథిన్ కవర్లో భద్రంగా ఉంటుంది.

ప్రపంచస్థాయి రక్షణ: సుగమం.

తాత్పర్యం

ఆయిలు కంపెనీల వారికి మనవి. డబ్బా ముందు పక్క పులి బొమ్మ, మంట బొమ్మ, పరుగెత్తే లారీ బొమ్మ అలాగే ఉండనివ్వండి. వెనక పక్క మాత్రం ఇది ఏ సంవత్సరపు బళ్లకు పనికొస్తుంది, మా దుమ్ములో ఎన్ని కిలోమీటర్లకు మార్చాలి అని తెలుగులో రెండు వాక్యాలు వేయండి. చత్వారం వచ్చిన మేస్త్రీకి కనిపించేంత పెద్ద అక్షరాల్లో వేయండి. బిరియానీ మేమే తెచ్చుకుంటాం.