బాధ్యత వారిది, అరవై రోజులు మనవి

మనవైపు తప్పు చేసినవాడు ముందు "నాకేం తెలుసు?" అంటాడు. అమెరికా టెక్ కంపెనీల అధిపతులు అలా కాదు, మహా మర్యాదస్తులు. బాధ్యత తమదేనని ముందే ఒప్పేసుకుంటారు. 2022 నవంబరులో మెటా 11 వేల మందిని సాగనంపినప్పుడు జుకర్‌బర్గ్ అదే చేశాడు. మూడు నెలలు తిరక్కుండా గూగుల్ 12 వేల మందిని పంపిస్తుంటే పిచాయ్ గారూ అదే రాశారు.

ఒప్పుకున్నాక ఏమైందంటారా? మెటా తన షేర్లను తానే కొనుక్కోవడానికి మరో 4 వేల కోట్ల డాలర్లు పక్కన పెట్టింది. పిచాయ్ గారి 2022 ప్రతిఫలం 22.6 కోట్ల డాలర్లని 2023 ఏప్రిల్లో తేలింది (ఎక్కువ భాగం షేర్లేలెండి, పాపం చేతిలో చిల్లర ఉందో లేదో). అదే నెలలో గూగుల్ తల్లి కంపెనీ 7 వేల కోట్ల డాలర్ల షేర్ల కొనుగోలు ప్రకటించింది. బాధ్యత ఇంత లాభసాటి బేరమని తెలిస్తే, చీటీలు కట్టించుకుని రాత్రికి రాత్రి ఊరొదిలిన మా వీధి పెద్దమనిషి కూడా ఉత్తరం రాసిపెట్టి, ఊళ్లోనే ఉండిపోయేవాడు.

2023 జనవరి 17 రాత్రి దావోస్‌లో మైక్రోసాఫ్ట్ పెద్దలకూ అతిథులకూ గాయకుడు స్టింగ్ కచేరీ. తెల్లారి 10 వేల ఉద్యోగాల కోత. మన ఊళ్లో పాడె లేచాక డప్పు మోగుతుంది. అక్కడ ముందు రాత్రే కానిచ్చేశారు.

మైక్రోసాఫ్ట్ అధిపతి సత్య నాదెళ్లను మాత్రం ఏమీ అనకూడదని మా బావగారి ఆజ్ఞ. హైదరాబాదు వాడు, మనవాడు. సరే, అనను, చదువుతానంతే. 2025 మే నెలలో సుమారు 6 వేల మంది, జూలైలో 9 వేల మంది ఇంటికి. జూలై 24న ఆయన సిబ్బందికి లేఖ రాశారు: కంపెనీ అన్ని విధాలా బాగుంది, అయినా కోతలు తప్పలేదు, విజయమన్నది ఒక పొడుపుకథ అన్న ధోరణిలో. వారానికల్లా కంపెనీ విలువ 4 లక్షల కోట్ల డాలర్లు దాటింది. 2025 జూన్‌తో ముగిసిన ఆర్థిక సంవత్సరానికి ఆయన ప్రతిఫలం 9.65 కోట్ల డాలర్లు. మా బామ్మ ఉంటే ఈ పొడుపుకథ చింతకాయ పులుపు చూసినంతసేపట్లో విప్పేది.

అమెరికాలో హెచ్-1బి వీసా మీద ఉన్నవాడికి పొడుపుకథలు విప్పే తీరిక ఉండదు. ఉద్యోగం పోయాక గడువు మహా అయితే 60 రోజులు. ఈలోగా కొత్త కంపెనీ దరఖాస్తు పెట్టాలి, లేదా వేరే వీసాకు మారాలి, లేదా పెట్టె సర్దాలి. సర్దుకుని ఇంటికొస్తే మళ్లీ పిలిచేదెవరు? అమెరికా బయట ఉన్నవాడి కోసం కొత్త దరఖాస్తు పెడితే లక్ష డాలర్లు కట్టాలని 2025 సెప్టెంబరులో ఉత్తర్వు వచ్చింది. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు. చిలుకూరు బాలాజీ గుడిలో మొక్కుకోవడానికి 11 ప్రదక్షిణలు, వీసా వచ్చాక 108 అని లెక్కుంది. లేఆఫ్‌కు ఎన్నో ఎవరూ చెప్పలేదు.

మా బావగారి అబ్బాయి డాలస్‌లో ఉంటాడు. కంపెనీ పేరు చెప్పను, వాళ్లూ బాధ్యత తీసేసుకున్నారు. ఇవాళ్టికి 41వ రోజు. జావా, క్లౌడ్ రెండూ వచ్చు, పదకొండేళ్ల అనుభవం. మీ దగ్గర ఖాళీ ఉంటే కాస్త రెజ్యూమే తోయండి. రెఫరల్ బోనస్ మీరే ఉంచుకోండి.