స్వహస్త పిజ్జా వీరులు

అంగడిలో దొరకు వస్తువును అంగడిలో కొని తినుట అవివేకమనియు, దానినే మూడు దినములు శ్రమించి, నాల్గింతల ద్రవ్యము వెచ్చించి, అంగడిదానికన్న హీనముగా ఇంటియందు చేసికొనుట సంస్కారమనియు నమ్మెడి వర్గమొకటి మన మధ్య బయలుదేరినది. వీరు పిజ్జాను పిండి మొదలుకొని స్వహస్తములతో చేయువారు. హైదరాబాదులోని అపార్టుమెంటు వంటగదులలోను, డల్లాసులోని ఇండ్ల పెరళ్లలోను వీరి సంఖ్య దినదినాభివృద్ధి నొందుచున్నది. వీరిని పిజ్జా ఎట్లున్నదని అడుగరాదు. పిండి ఎన్ని గంటలు పులిసినదని అడుగవలెను. 24 గంటలని చెప్పినవానిని 48 గంటలవాడు జాలితో చూచును. 72 గంటలవాడు ఆ ఇరువురిని అసలు చూడనే చూడడు.

కంపెనీల పిజ్జా కృత్రిమము, గృహములో పిసికినది సనాతనము, ఇది వీరి సిద్ధాంతము. ఈ సనాతనత్వమునకు ప్రమాణము చూపుమన్నచో ఇటలీలోని నేపుల్సు నగరమువైపు వేలు చూపుదురు. పాపము, ఆ నగరము వీరి పక్షమున సాక్ష్యమిచ్చుటకు బొత్తిగా అంగీకరింపదు. పందొమ్మిదవ శతాబ్దపు నేపుల్సులో బీదజనము, వీధికి తెరచుకొను ఒంటిగది కొంపలలో కిక్కిరిసి కాపురముండెడివారు; మనుష్యులు పండుకొనుటకే చాలని ఆ గదిలో కట్టెల పొయ్యికి గుమ్మటము కట్టుకొను తావెక్కడిది? కావుననే పిజ్జా వీధిలో పుట్టి వీధిలోనే పెరిగినది. 1884లో ఆ నగరపు 'ఉదరమును' గూర్చి గ్రంథము వ్రాసిన మతిల్దె సెరావో, ఒక్క సోల్దో నాణెమునకు కోసి యిచ్చు పిజ్జా ముక్కతో కడుపు నింపుకొను కూలివాండ్రను వర్ణించినది. ఆ నాణెమైనను చేత లేనివానికి, నేడు తిని ఎనిమిది దినములకు పైకము చెల్లించు అరువు పద్ధతియు ఉండెడిది. 1954లో విట్టోరియో డి సికా తీసిన 'నేపుల్సు బంగారము' చిత్రములో సోఫియా లోరెన్ అట్టి అరువు పిజ్జాలనే అమ్మును. ఇక 1889లో రఫాయెలె ఎస్పోజితో అను పనివాడు రాణి మార్గరీటాకు మూడు రంగుల పిజ్జా సమర్పించెనను గాథ యున్నది. చరిత్రకారులు దానిని శంకించుచున్నారు, శంకింతురు గాక! ఆ గాథలోనైనను రాణీగారు స్వయముగా పిండి పిసికెనని కల్పించు సాహసము ఎవ్వరును చేయలేదు. వంటశాలలకు కొదువలేని రాణియే పిజ్జా కొరకు వీధిలోని పనివానిని పిలిపించుకొనవలసివచ్చినది. 2017లో యునెస్కో గౌరవించినదియు నేపుల్సు పిజ్జాయివోలో విద్యనే, అనగా పొయ్యి ముందు ఏండ్ల తరబడి నిలిచి పని నేర్చిన కార్మికుని హస్తకౌశలమునే. శనివారము సాయంకాలము ఏప్రను బిగించు ఇంజినీరు ఉత్సాహమునకు యునెస్కో పట్టికలో చోటు దొరకలేదు.

పొయ్యి విషయమునకు వచ్చుదము. ఈ వివాదమునకు జీవమంతయు అక్కడనే యున్నది. 2010లో ఐరోపా సమాఖ్య నేపుల్సు పిజ్జాకు సంప్రదాయ రక్షణ నొసగుచు విధించిన నిబంధనల ప్రకారము, కట్టెల పొయ్యి లోపలి అరుగు సుమారు 485 డిగ్రీల సెల్సియసు వేడి కలిగియుండవలెను. పిజ్జా 60 మొదలు 90 సెకండ్లలో కాలవలెను. ఆ స్వల్పకాలములో అంచు పొంగి, అక్కడక్కడ నల్లని మచ్చలు తేలి, లోపలి తేమ లోపలనే నిలుచును. ఆ మెత్తదనపు రహస్యమంతయు ఇంతే. మన ఇంటి ఓవెనో, 250 డిగ్రీలకు చేరునప్పటికే ఆయాసపడును. అందులో పిజ్జా 8, 10 నిమిషములు పడియుండవలెను. అది కాలునప్పటికి నీరంతయు ఆవిరియై, అంచు కొరికినచో పటపట విరుగును. ఈ లోపమును కప్పిపుచ్చుటకు మన వీరుడు మొదట రాతిపలకను కొనును. రాతికన్న ఉక్కు వేడిని వేగముగా అందించునని విని ఉక్కుపలకను కొనును. అదియు చాలక, గ్యాసుతో మండు బుల్లి పొయ్యిని పెరటిలో ప్రతిష్ఠించును. కొన్న ప్రతి వస్తువుతోను, ఇంటిలో చేసికొనుట ఎంత చవుకయో ఆయన మరింత గట్టిగా చెప్పుచుండును.

పిండి కథ ఇంకను రమణీయము. మైదా నీచమని తలచి ఇటలీ నుండి 'సున్నా సున్నా' పిండిని తెప్పింతురు. అది భగభగ మండు పొయ్యికై ఉద్దేశింపబడినది. అందు సాధారణముగా మొలకధాన్యపు పొడి కలుపరు గనుక, 250 డిగ్రీలలో ఎఱ్ఱబడక పాలిపోయి కూర్చుండును. అధికమూల్యమిచ్చి తెల్లని పిజ్జాను సంపాదించిరన్నమాట. టమాటాలు శాన్ మార్జానోవి. వెసూవియసు సమీపపు పొలములలో పండి, డబ్బాలలో మూయబడి, సముద్రములు దాటి వచ్చినవి. మొజరెల్లా మరియొకరు చేసినది. మొదటినుండి అంతయు తానే చేసితినను మహానుభావుని ప్రథమ కృత్యము డబ్బా మూత తీయుట! కొందరు ఈస్టును సైతము కొనక, పిండియు నీరును కలిపి సీసాలో పులియబెట్టి, దానికి నామకరణము చేసి, ఊరికి పోవునప్పుడు ఇరుగుపొరుగువారికి అప్పగించి, దినమున కొకమారు మేత వేయుడని ప్రాధేయపడుదురు. మన ఇండ్లలో ఇడ్లీపిండి తరతరములుగా రాత్రులందు పులియుచునే యున్నది. తెల్లవారి గిన్నె మూత తీసి, పొంగిన పిండిని గరిటెతో కదుపుచు, తన ఘనతను చాటుకొన్న గృహిణి ఒక్కతెయు నా కంటబడలేదు. ఆ పిండికి పేరు లేదు. ఫలహారము మాత్రము వేళకు పళ్లెములో నుండును.

ఇట్టి గృహమునకు విందుకు పోవుట యెట్టిదో పోయినవారికే ఎఱుక. ఏడు గంటలకు రమ్మందురు. ఎనిమిది వఱకు పిండిముద్ద దర్శనము. గృహస్థు ఒక తునకను చించి, దీపమునకెదురుగా పలుచగా సాగదీసి, తెగకుండ వెలుతురు కనిపించుచున్నదని చూపును, చూచి ఆశ్చర్యపడవలెను. తొమ్మిదింటికి ముద్దను చేతులతోనే చాపును, ఏలయన అప్పడాలకఱ్ఱను ఆ ఐరోపా నిబంధనలు నిషేధించినవి. నిషేధము చక్కగా పాటింపబడును. గుండ్రదనము మాత్రము సిద్ధింపదు. పిమ్మట దానిపై టమాటాయు, జున్నును, బేసిల్ ఆకులును పరచి, పొడవుపిడి గల చెక్కపలకతో ఓవెనులోనికి విసరును. పలక వెనుకకు వచ్చును. జున్ను ముందుకు పోవును. పిండి పలకను విడువదు. తడిపిండి అంటుకొనుట దాని ధర్మము, అడుగున రవ్వ చల్లుట గృహస్థు ధర్మము. పిండి తన ధర్మమును తప్పలేదు. జున్ను ఓవెను అడుగున పడి మాడి, పొగ క్రమ్మి, పొగగంట మ్రోగి, లోపల నిద్రించు పసిబిడ్డ మేల్కొనును. పదింటికి తలకొక ముక్క లభించును. ముక్క నోట పడగానే ఆయన అతిథి ముఖమును రెప్పవాల్పక చూచుచుండును. ఆ చూపునకెదురుగా సత్యము పలికిన ధీరుని నేనింతవఱకు చూడలేదు.

న్యాయము చెప్పవలెనన్నచో, ఇటలీ ఇండ్లలోను పిజ్జా చేయుదురు. పెద్దపళ్లెములో నూనె రాచి, పిండిని మందముగా పరచి, సామాన్యపు ఓవెనులో కాల్చుకొందురు. ఆ వేడికి తగినది అదియే. దానిని చేయువారితో నాకు కలహము లేదు. పిల్లలు చేతులకు పిండి పూసికొని సంతసింతురు, అందరును కడుపునిండ తిందురు. కాని అందు గొప్పగా చెప్పుకొనుటకేమియు లేదు గనుక మన వీరులకది రుచింపదు. వారికి నా విన్నపమొక్కటి: మీ పిండిని మూడు దినములు గాదు, పక్షమంతయు పులియబెట్టుకొనుడు, ఉక్కుపలకలు పేర్చుకొనుడు, సీసాలకు నచ్చిన పేర్లు పెట్టుకొనుడు, ఏడింటికి రమ్మన్నవారికి మాత్రము ముందుగా అన్నమును పప్పును వడ్డించి, ఆ తరువాత పిజ్జా మొదలుపెట్టుడు.