చేపను వదిలారు, మిడ్జ్‌లు వదల్లేదు

స్కాట్లాండ్ హైలాండ్స్‌లో నడకదారులకు కొదవ లేదు. వాటిలో కొండలెక్కించనిది ఏదైనా ఉందా అని అడిగితే మా బామ్మర్ది స్పేసైడ్ వే పేరు చెప్పాడు. వాడు అబర్డీన్‌లో చమురు కంపెనీలో ఇంజనీరు. ‘బావా, నది పక్కనే నడక. చాలా భాగం పాత రైలుకట్ట. రైలు ఎక్కిన ఎత్తు నువ్వు ఎక్కలేవా?’ అన్నాడు. రైలుకు ఇంజనుంటుందని చెప్పబోయేలోగా వాళ్ళక్క బూట్లు కొనేసింది.

బకీ అనే సముద్రతీరపు ఊళ్ళో మొదలై, స్పే నదికి ఎదురుగా సాగి, న్యూటన్‌మోర్ దాకా 137 కిలోమీటర్లు పోతుందీ దారి. మొత్తం నడిచేవాళ్ళకు నా నమస్కారం. మేము క్రెయిగెల్లకీ దగ్గర అందుకున్నాం. అక్కడ థామస్ టెల్ఫర్డ్ కట్టించిన పోత ఇనుప వంతెన ఉంది. 1814లో పూర్తయింది, 1829 మహావరదను కూడా తట్టుకుంది. ఇప్పుడు దానిమీద బళ్ళు తిరగవు, మాలాంటి నడకగాళ్ళే.

రైలుకట్ట విషయంలో బామ్మర్ది అబద్ధమాడలేదు. 1863లో వేసిన లైనది. ప్రయాణికుల బళ్ళు 1965లో ఆపేశారు, ఆ తర్వాత పట్టాలు పీకేశారు. స్టేషన్లు మాత్రం అక్కడక్కడా మిగిలాయి. బ్లాక్స్‌బోట్‌లో ప్లాట్‌ఫారం చెక్కు చెదరలేదు. ప్లాట్‌ఫారం కనిపిస్తే కూర్చోవడం మనకు పుట్టుకతో వచ్చిన హక్కు కదా! సంచి దించి, కాళ్ళు చాపి, పులిహోర డబ్బా మూత తీశాను. మా ఆవిడ ‘ఏవండీ, ఆ బండి వెళ్ళిపోయి అరవయ్యేళ్ళయింది, లేవండి’ అంది. మన రైల్వేలో అంత ఆలస్యం మరీ పెద్ద విషయమేం కాదన్నాను. ఆవిడ వినిపించుకోలేదు.

దారి పొడుగునా విస్కీ బట్టీలే. దేశంలోని డిస్టిలరీల్లో చాలా భాగం ఈ నది చుట్టుపక్కలే ఉన్నాయి. గాలి తిరిగినప్పుడల్లా ఉడికిన బార్లీ వాసన కమ్మగా కొడుతుంది. పీపాల్లో మాగబెట్టే సరుకులో ఏటా నూటికి రెండు వంతుల దాకా ఆవిరైపోతుందట. దాన్ని దేవదూతల వాటా అంటారు. ఆ ఆవిరి తాగి బతికే నల్లబూజు ఒకటుంది, గోదాముల గోడలూ పక్కన చెట్లూ మసి పూసినట్టుంటాయి. మందు ముట్టనని తిరుపతిలో మొక్కుకున్న మనిషిని నేను. పీల్చడం మొక్కు కిందికి వస్తుందా అని సందేహం. ‘దేవుడి వాటాయే కదా బావా, ప్రసాదమనుకో’ అన్నాడు బామ్మర్ది. అబర్డీన్‌లో ధర్మశాస్త్రం కూడా చెబుతున్నారన్నమాట.

ఇవన్నీ ఒక ఎత్తు, చేప సంగతి ఒక ఎత్తు. నడుం దాకా నీళ్ళలో, రబ్బరు పంట్లాంలో, ఒకాయన నిలబడి రెండు చేతులా పొడుగాటి గాలం విసురుతున్నాడు. దారం గాల్లో పెద్ద సున్నాలు చుట్టి నీళ్ళమీద చప్పుడు లేకుండా వాలుతోంది. ఇది ఈ నదిమీద పుట్టిన విద్యే, ప్రపంచమంతా దీన్ని స్పే కాస్టింగ్ అనే అంటుంది. ఆ చోట నిలబడటానికి ఆయన బోలెడు డబ్బు కట్టి ఉంటాడని బామ్మర్ది చెవిలో చెప్పాడు. ఇంతలో దారం బిగిసింది. చాలాసేపు పెనుగులాట. చివరికి సాల్మన్, వెండిలా మెరుస్తూ, మూరెడు పైనే.

నేను గోదావరి జిల్లావాణ్ణి. మా పులస కూడా ఇంతే, సముద్రంలోంచి నదిలోకి ఎదురీదుకుంటూ గుడ్లు పెట్టడానికే వస్తుంది. పుస్తెలమ్ముకునైనా దాన్ని తినాలనేది మా ఊరి నీతి. చింతపండు పులుసా, బెండకాయ వేద్దామా అని నేను లోలోపల ఆలోచిస్తుంటే ఆ పెద్దమనిషి చేపను నీళ్ళలోనే ఉంచి గాలం ఊడదీశాడు. ప్రవాహానికి ఎదురుగా తలపెట్టి, అలసట తీరేదాకా రెండు చేతులా పట్టుకున్నాడు. తర్వాత వదిలేశాడు! అది తోకాడించి చక్కాపోయింది. ఆయన మావైపు చూసి తృప్తిగా నవ్వాడు. సాల్మన్లు తగ్గిపోతున్నాయి కాబట్టి పట్టినవాటిని దాదాపు అన్నిటినీ వదిలేస్తారట. ధర్మమే, కాదనను. మా ఊళ్ళో ఈ సంగతి చెబితే మాత్రం నన్ను వైద్యానికి తీసుకెళతారు.

బాలిండాలక్ దాటాక దారి రైలుకట్టను వదిలి పొలాల్లోకీ అడవుల్లోకీ తిరుగుతుంది. అక్కడ్నుంచి గేట్లు. పశువులు దాటకుండా, మనిషి మాత్రం ఒక్కడే మెలితిరిగి దూరేలా కట్టినవి. వీపున సంచీ, ముందు బొజ్జా ఉన్నవాణ్ణి ఏ లెక్కలో వేశారో తెలీదు, నేను మధ్యలో ఇరుక్కున్నాను. గాలి లేదు, సన్నటి తుంపర. సరిగ్గా మిడ్జ్‌లు కోరుకునే వాతావరణం. ఆవగింజలో సగముండే ఈగలవి. కుట్టేది ఆడవే, గుడ్లకోసం రక్తం కావాలి వాటికి. మనం వదిలే ఊపిరిని పసిగట్టి వస్తాయి. ముందు వచ్చింది కుట్టాక మిగతావాటికి కబురు పంపుతుంది. బంధువులంతా తరలివచ్చారు. ‘బావా, సంచి తీసి దూరు’ అని బామ్మర్ది దూరం నుంచి కేకేశాడు, దగ్గరికి మాత్రం రాలేదు. వాడు స్థానికుడు కదా.

అబర్నెతీ పైన్ అడవిలోకి వచ్చేసరికి కాస్త గాలి లేచి బతికాం. ఎర్రటి బెరడుతో, వందల ఏళ్ళ వయసున్న చెట్లున్నాయక్కడ. దగ్గర్లోని గార్టెన్ సరస్సు ఆస్ప్రే అనే చేపల గద్దకు పేరు. వేటగాళ్ళూ గుడ్ల దొంగలూ కలిసి స్కాట్లాండ్‌లో గూళ్ళే లేకుండా చేస్తే, 1950లలో అది మళ్ళీ ఇక్కడికే వచ్చి గూడు కట్టుకుంది. ఆ చుట్టుపక్కల చేపను పట్టి తినే మర్యాద ఇంకా మరచిపోని జీవి అదొక్కటే.

వెళ్ళాలనుకునేవాళ్ళు మే నెలలో వెళ్ళండి. గద్దలు అప్పటికి ఆఫ్రికా నుంచి వచ్చేసి ఉంటాయి, మిడ్జ్‌లు ఇంకా పూర్తిగా లేచి ఉండవు. సెలవు జులైలోనే దొరికితే తలకు తొడిగే వల కొనుక్కోండి, ముదురురంగు బట్టలు మానెయ్యండి, గేటు కనబడగానే సంచి దించండి. చేపల పులుసు మాత్రం ఇంట్లోనే తిని బయల్దేరండి.