ఇరుగు పొరుగు

(గుర్రంకొండ కోట దిగువను ఒక ఇరుకు గది. రూటరు మీద పచ్చదీపము నిశ్చలముగా వెలుగుచున్నది; మదనపల్లె రూటరుతో దానికి పొత్తు కుదరక ఉదయమునుండి పనులన్నియు స్తంభించియున్నవి. అధికారి, గుత్తేదారు, కుర్ర ఇంజనీరు, తన భూమి 1-బి నకలు కొరకు వచ్చి చిక్కుకొన్న చరిత్ర పంతులు.)

అధికారి: దీపము వెలుగుచుండగా లింకు లేదనుట ఏమి న్యాయమయ్యా?

గుత్తేదారు: అదే నా మనవియును సార్! దోషము మదనపల్లె వైపుననే యున్నది. అచ్చటి గుత్తేదారునకు ఫోను చేసితిని. దోషము గుర్రంకొండ వైపుననే యని ఆతడును ప్రమాణము చేయుచున్నాడు.

పంతులు: ఈ కొండకు పొరుగుపొత్తు ఎన్నడు కుదిరినది గనుక! కడప నవాబులు, మరాఠాలు, హైదరు, టిప్పు ఒకరి చేతినుండి యొకరు లాగికొనుచుండగా, 1791లో నిజాము సేనలును కుంపిణీ ఫిరంగులును కూడ వచ్చి ముట్టడించినవి.

ఇంజనీరు: అయ్యా, దీపము తీగె క్షేమమును మాత్రమే తెలుపును. దారులు ఒకరికొకరు తెలుపుకొను ఓఎస్‌పీఎఫ్ అను పద్ధతిని రూటర్లు సాధారణముగా 10 సెకండ్లకొకమారు హలో యని పలుకరించుకొనుచు, 40 సెకండ్లు పలుకు వినరానిచో పొరుగువాడు గతించినట్లే యెంచును. ఆ గడువులు గాని, ఏరియా సంఖ్య గాని, రహస్యపదము గాని సరిపోలనిచో చెలిమికి మొదలే లేదు.

అధికారి: అయిన నవియే సరిపోలలేదన్నమాట.

ఇంజనీరు: అన్నియు సరిపోలినవి. పలుకరింపులు ముగిసి, ఎక్స్‌స్టార్ట్ అను దశ కడ పొత్తు నిలిచిపోయినది. అచట నిలిచినచో మొదట చూడదగినది ఎంటీయూ, అనగా ఒక్క ప్యాకెట్టునకు గల గరిష్ఠ పరిమాణము. మదనపల్లెలో 9000 బైట్లు, ఇచట 1500. తనకు తెలిసిన దారుల పట్టికను పొరుగువానికి పరిచయము చేయుచు పంపు ప్రతి ప్యాకెట్టుమీదను రూటరు తన ఎంటీయూను వ్రాయును. తన శక్తికి మించిన సంఖ్యను చూచిన అవతలి రూటరు మారుమాటాడక దానిని పారవేయును. అది మరల పంపును, ఇది మరల పారవేయును. ఓఎస్‌పీఎఫ్ నియమములు తెలుపు 1998 నాటి ఆర్ఎఫ్‌సీ 2328లో ఇది వ్రాసియే యున్నది.

గుత్తేదారు: పింగ్ పోవుచున్నది గదా!

ఇంజనీరు: మీరు పంపినది 100 బైట్లది. టమోటా బుట్ట దూరిన సందులో లారీ దూరునా?

అధికారి: సరే, మార్గమేమి?

ఇంజనీరు: మదనపల్లెలోను 1500 పెట్టిన చాలును.

అధికారి: వారి సంఖ్యను మార్చుమని మనము వ్రాయవలెననిన పై కార్యాలయపు టనుమతి కావలెను. మరియొకటి చెప్పు.

ఇంజనీరు: (సంకోచముతో) ఎంటీయూ-ఇగ్నోర్ అను ఆజ్ఞ యొకటి కలదు. అది పెట్టిన రూటరు ఆ భేదమును చూడనట్లు నటించును. కాని...

అధికారి: ఇంతసేపు దాచితివా అబ్బాయీ! మా శాఖ యంతయు దాని మీదనే గదా నడచుచున్నది!

ఇంజనీరు: పెద్ద అప్‌డేట్ వచ్చిన నాడు అది దారిలోనే పడిపోయి, పొత్తు లోడింగ్ అను దశ కడ మరల నిలిచిపోవును సార్.

అధికారి: అప్పటికి నాకు బదిలీ యగును. పెట్టుము.

(పెట్టెను. తెరమీద ‘ఫుల్’ అని కనబడెను. పంతులు తన 1-బి కొరకు చేయి చాచెను.)

గుత్తేదారు: ఇదిగో సార్, మరమ్మతు బిల్లు. మదనపల్లె వాని బిల్లును నేనే తెచ్చితిని. ఆతడు మా బావమరిది.