పిలువని పేరంటము

రామచంద్రపురమునుండి సైకిలుపై అరగంటలో చేరదగిన ద్రాక్షారామముననే దక్షప్రజాపతి యజ్ఞము చేసెనని మా ప్రాంతమువారి విశ్వాసము. పిలుపు లేకయే పుట్టింటికి వచ్చి, నిండుసభలో పతినింద విని సతీదేవి దేహత్యాగము చేయుటయు, ఆ వార్త విన్న రుద్రుని జటనుండి వీరభద్రుడు పుట్టి వచ్చి యజ్ఞవాటికను చిందరవందర చేయుటయు భీమేశ్వరాలయ ప్రాకారపు నీడలో కూర్చుండి పెద్దలు చెప్పగా విన్నవాడ నగుటచేత, ఒకరు తలపెట్టిన కార్యమునకు వేఱొకరు వచ్చి అడ్డుపడుట నాకు వింతగా తోచదు. వింతగా తోచునది ఆ వీరభద్రుని పేరు చెప్పుకొని నేడు బయలుదేరుచున్నవారి పద్ధతి. ఆయన రాకకు కాలి బూడిదయైన యొక ఆడుబిడ్డ కారణము. వీరి రాకకు అవతలివారి ధర్నాయే కారణము. అవతలివారు పది గంటలకు శామియానా వేసినచో వీరు పదింబావునకు వేయుదురు. అవతలివారు వానకు జడిసి మానుకొన్నచో వీరికిని ఆ పూటకు ఆవేశము చల్లారును.

దీనికి పత్రికలవారు పోటీ ధర్నా యనియు, పోటీ ర్యాలీ యనియు పేర్లు పెట్టిరి. పోటీ యనగా ఇరువు రొకే పందెమునకు పరుగెత్తుట యని నా బోటి పాతకాలపువాని భ్రమ. ఇచ్చట ఒకడు పరుగెత్తును. రెండవవాడు దారికి అడ్డముగా నిలుచుండి, తానును పందెములోనే యున్నాననును. ఉన్నదానిని ఉన్నట్లే యుంచవలెనను సంప్రదాయ సంరక్షకులకును, గద్దెపై నున్నవారి అనుయాయులకును ఈ విద్య బాగుగా అబ్బినది. ఎఱ్ఱజెండాలవా రెఱుగరని కాదు. నల్లజెండా వారి పెట్టెలోను మడతపెట్టి యుండును. అయినను వారి సొంత కోర్కెల పట్టిక చాంతాడంత యుండుటచేత, ఇతరుల సభలకు పోవుటకు వారికి తీరిక తక్కువ.

ఈ శాస్త్రమునకు ప్రామాణికమైన ప్రయోగము 2017 మే 15న హైదరాబాదులో జరిగినది. ఇందిరా పార్కు చెంత నున్న ధర్నా చౌకును ప్రభుత్వము నగరము వెలుపలికి తరలింప నెంచగా, వామపక్షములును, ఆచార్య కోదండరాంగారి ఐక్య కార్యాచరణ సమితియు, తక్కిన ప్రతిపక్షములును, ధర్నా చేయుటకు చోటు కావలెనని ధర్నా చేయ బయలుదేరిరి. వారు చేరుసరికే, తాము స్థానికులమనియు, పార్కునకు నడకకు వచ్చువారమనియు, తమకీ ధర్నాల గొడవ వలదనియు అట్టలు పట్టుకొని కొందఱచ్చట కూర్చుండి యుండిరి. ధర్నాలు వలదని చేయు ధర్నా! లంఖణము పరమౌషధమని బోధించుచు రెండవసారి పప్పు వడ్డించుకొను వైద్యుని చూచినవారికి ఆ దృశ్యము క్రొత్త కాకపోవచ్చును. అంతటితో ఆగినచో అది సామాన్యహాస్యమే యగును. కాని ఛాయాచిత్రములు వెలువడిన పిమ్మట, ఆ స్థానికులలో మామూలు దుస్తులు ధరించిన పోలీసులును ఉన్నట్లును, వారిలో ఒక ఇన్‌స్పెక్టరు సైతము శ్రద్ధగా అట్ట పట్టుకొని కూర్చున్నట్లును బయటపడెను. శాంతిభద్రతలకు భంగము కలుగునేమోయని భయపడవలసిన శాఖ, ఇరుపక్షములకు నడుమ నిలువవలసినదై యుండియు, ఒక పక్షమున బాసిపట్లు వేసికొని కూర్చుండి తన భయమును తానే నిజము చేసికొన్నది. జనము చాలనప్పుడు పెండ్లికి బంధువులను అద్దెకు తెచ్చుకొనుట విన్నాను. సర్కారు జీతముమీద నున్నవారినే బంధువులుగా చూపుట మాత్రము పొదుపులో క్రొత్తమార్గము.

ఇందలి ఉత్తరభాగము మఱింత రసవంతము. ఆ చౌకులో ధర్నాలకు 2018లో ఉన్నత న్యాయస్థానము దారి తెఱచినది. 2021 నవంబరు 18న, ధాన్యము కొనుగోలు విషయమై కేంద్రప్రభుత్వముపై ఆగ్రహించి, ముఖ్యమంత్రి చంద్రశేఖరరావుగారే మంత్రులతో గూడ ఆ చౌకులోనే ధర్నాకు కూర్చుండిరి. నడకకు వచ్చు స్థానికులు ఆనాడు అట్టలతో అడ్డము వచ్చిరని నేను వినలేదు. ఆరోగ్యమునకు నడక మంచిదే గాని, ప్రతిదినమును నడవవలెనని నియమము లేదు గదా.

చదువుకొన్నవారి పోటీ కొంత నాజూకుగా నుండును. 2023 జనవరి 26న హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయములో ఎస్‌ఎఫ్‌ఐ విద్యార్థులు ప్రధానమంత్రిపై బీబీసీవారు తీసిన డాక్యుమెంటరీని ప్రదర్శింపగా, ఏబీవీపీ వారు దానికి జవాబుగా ‘ది కశ్మీర్ ఫైల్స్’ చిత్రమును ప్రదర్శించిరి. తెఱకు తెఱ జవాబు, ఇది మెచ్చదగినదే. లోపమల్లా ఒక్కటి. ఈ తెఱను చూడవలసినవారు ఆ తెఱ ముందును, ఆ తెఱను చూడవలసినవారు ఈ తెఱ ముందును కూర్చుండిరి. నా చేతిలో అధికార మున్నచో తెఱల జోలికి పోక ప్రేక్షకులను మాత్రము అటువారి నిటు, ఇటువారి నటు మార్చి కూర్చుండబెట్టియుందును.

ఇక మా ఊరి సంగతి. రాజధాని కొఱకు సుమారు 33 వేల ఎకరములు అప్పగించి, అమరావతియే ఏకైక రాజధానిగా నుండవలెనని కోరు రైతులు 2022 సెప్టెంబరు 12న వెంకటపాలెమునుండి అరసవిల్లి సూర్యదేవుని సన్నిధికి పాదయాత్రగా బయలుదేరిరి. వారి వెంట పచ్చజెండాలతోబాటు ఎఱ్ఱజెండాలును నడచినవి. పశ్చిమగోదావరిలో అడుగుపెట్టినది మొదలు రాజధాని మూడుచోట్ల నుండవలెనను మూడు రాజధానుల పక్షమువారు దారి కిరువైపుల ఫ్లెక్సీలు కట్టి, నల్ల బెలూన్లు ఎగురవేసి, ‘గో బ్యాక్’ అని స్వాగతము పలుకసాగిరి. అక్టోబరు 18న రాజమహేంద్రవరము ఆజాద్ చౌకులో రెండు పక్షములు ఎదురెదురు కాగా నీళ్ళ సీసాలు గాలిలో తేలినవి. గోదావరి ఒడ్డున నీటికి కఱవు లేదు గనుక ఆ దుబారాను క్షమింపవచ్చును.

‘గో బ్యాక్’ అను ఆ మాట నన్ను చాలసేపు ఆలోచింపజేసినది. 1928లో సైమన్ కమిషన్‌ను ఉద్దేశించి దేశమంతయు ఆ మాటనే అన్నది. మదరాసులో ప్రకాశం పంతులుగారు తుపాకి ఎదుట రొమ్ము విప్పి నిలిచినది ఆ సందర్భముననే. అంత బరువైన మాటను గుంటూరు ప్రాంతపు ముసలమ్మలపై ప్రయోగించిన ఘనత మన తరమునకు దక్కినది. ఇందులో మఱియొక చమత్కారము. వెనుకకు పొమ్మన్నచో ఆ రైతులు పోవలసినది ఎచ్చటికి? అమరావతికి. రాజధానియు మరల అచ్చటికే పోవలెనని గదా వారి కోరిక! ఎదురు నిలిచినవారు గొంతు చించుకొని నడచువారి కోర్కెనే ఇంగ్లీషులో బలపఱచుచుండిరి. ఇరువురిలో ఎవ్వరును దానిని గమనింపలేదు.

ఈ హాస్యములో నవ్వరానిదియు నొకటి కలదు. రాజధాని గ్రామముల చెంతనే మూడు రాజధానులను సమర్థించుచు నడచిన పోటీ శిబిరములో, అమరావతిలో తమకును ఇంటిస్థలము కావలెనని అడిగిన పేదస్త్రీలు కూర్చుండిరి. అది వారి సొంత బాధ. అద్దెకు తెచ్చుకొన్నది కాదు. రాజధానిలో బీదవానికి చోటేది యని వారు తమ శామియానా క్రిందనే, తమ పేరుతోనే అడిగియున్నచో ఏ ప్రభుత్వమైనను జవాబు చెప్పలేక నీళ్ళు నమలియుండును. ఆ బాధను తెచ్చి ఇంకొకరి ధర్నాకు ఎదురుగా నిలిపినవారు దాని నోటినుండి సొంతమాట లాగివేసి, కాదు, వలదు అను రెండు మాటలే మిగిల్చిరి. పోటీ నిరసనలు చేసిన పాపములలో నా లెక్కకు ఇది మొదటిది. నీళ్ళ సీసాలు దాని తరువాతనే.

పాదయాత్ర మా రామచంద్రపురము చేరెను. ఆఱువందల మందికి మించి నడవరాదని ఉన్నత న్యాయస్థానము హద్దు పెట్టియుండెను గనుక, పోలీసులు వచ్చి గుర్తింపు కార్డులు చూపుమనిరి. నడచువానికి కార్డు కావలెను. ‘గో బ్యాక్’ అనువానిని కార్డు అడిగినట్లు మాత్రము నేను చూడలేదు. వాదోపవాదములు ముదిరినవి. అక్టోబరు 22న, నలువదియొకటవ దినమున, యాత్రను తాత్కాలికముగా నిలుపుచున్నామని రైతులు ప్రకటించిరి.

ఆ పూట నేను రోడ్డుప్రక్క టీ దుకాణములో కూర్చుండి యుంటిని. ఇరువదియేండ్లు నిండని కుఱ్ఱవాడొకడు ఏడెనిమిది నల్ల బెలూన్ల గుత్తిని తెచ్చి బల్లకాలికి కట్టి, నా ప్రక్కన చతికిలబడెను. లారీ పోయినప్పుడెల్ల ఆ బెలూన్లు ఒకదాని నొకటి ఒరసికొని కిఱ్ఱుమనుచుండెను. అందులో ఒకటి అప్పటికే సగము వాడి, ముసలివాని బుగ్గవలె ముడుతలు పడినది.

“బాబాయ్‌గారూ, ఆళ్ళింక నడవరంటాండీ?” అని అడిగెను.

“నడవరట నాయనా, ప్రస్తుతానికి.”

“అదేంటండి! మరి మా సంగతేంటండి? రేపూ రమ్మన్నారండి మమ్మల్ని.”

“నీకు మూడు రాజధానులు కావాలా?” అంటిని.

“ఆయ్, మాకు రామచంద్రాపురంలో బస్సు టయానికొస్తే చాలండి,” అని టీగ్లాసు అందుకొని, మరల దారివంక చూడసాగెను. రెండు టీలకు డబ్బులు నేనే యిచ్చితిని. ఆనాడు ఆ వీథిలో నష్టపోయినవాడు నాకు వాడొక్కడే కనబడెను.

2024లో గద్దె మాఱెను. ధర్నా చేయువారును, ఎదురు నిలుచువారును జెండాలు మార్చుకొనకయే చోట్లు మార్చుకొనిరి. ఇకమీదట మా వైపు ధర్నాయో పాదయాత్రయో తలపెట్టు మహాశయులకు ఒక మనవి: బయలుదేరునది ఎప్పుడో, ఆగునది ఎప్పుడో ముందురోజు సాయంకాలమునకే ఆ టీ దుకాణమున చెప్పి పొండు. బెలూన్లు ఊదుకొనుటకు కుఱ్ఱవానికి వ్యవధి కావలెను.